ఢిల్లీ ఎవరు పోయిన్రు?

మాది శ్రీరాంపూర్. బొగ్గుబాయిల ఊరు. ఊరి పేరు చెప్పి నా పేరు చెప్తే కొత్తవాళ్లు ఒకసారి తేరిపార చూస్తారు. శ్రీరాముడి పేరున్న ఊళ్లో సాయిబులా అన్నట్టు. పక్కన రామకృష్ణాపూర్, అక్కడా మావాళ్లున్నారు. ఇందారం దాటి గోదావరి మీది బ్రిడ్జి ఎక్కితే అవతల గోదావరిఖని, రామగుండం. అక్కడా ఉన్నారు. బాయిల పైకప్పు కూలితే కలిమా చదివేటోన్నీ, రామా అనేటోన్నీ ఒక్కతీరే తొక్కుతదని మా అబ్బా అనేవాడు. ఆ మాట ఇప్పుడు అనడం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పాలంటే అమ్మీ గురించి చెప్పాలి.

అమ్మీ 2021 మే 19న పోయింది. రంజాన్ పండుగ నుంచి లెక్కబెడితే ఆరో రోజు. కాగితం మీద కోవిడ్ అని రాశారు. దాని కింద డయాబెటిస్ అని ఇంకో ముక్క రాశారు. ఆ రెండో ముక్క అమ్మీ ఒంట్లో ఎన్నేళ్ల నుంచి కాపురం చేస్తున్నదో మాకు తెలియదు. యాభై ఆరేళ్ల మనిషి. ఆమె వేలు గుచ్చి ఒక్క నెత్తురు బొట్టు చూసినవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. నేను బడిపంతులమ్మను. పిల్లలకు సైన్సు చెప్తాను. నేనూ చూడలేదు.

మా ఇంట్లో షుగరంటే అబ్బాదే. అబ్బా కోల్‌ఫిల్లర్‌గా బాయిలో చేరాడు. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపినవాడు. బాయి దిగేవాళ్లకు చట్టం ప్రకారం కనీసం అయిదేళ్లకోసారి వైద్యపరీక్ష చెయ్యాలి. పీఎంఈ అంటారు. 2005లో చేసిన పీఎంఈలో అబ్బాకు షుగరని తేలింది. ఆ రోజు నుంచి మా వంటిల్లు ఆ బీమారీ చుట్టే తిరిగింది. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె. చాయ్‌ల చక్కెర బంద్. అమ్మీకి చదువు రాదు. అయినా ఏ గోలీ తిండికి ముందు, ఏది తిన్నంక అన్నది రంగులతో గుర్తు పెట్టుకున్నది. నైట్ షిఫ్టు దిగి పొద్దున్నే అబ్బా వస్తే కాళ్లు తానే తుడిచి వేళ్ల సందుల్లో పుండ్లున్నాయేమో చూసేది. షుగరున్నోళ్లకు కాళ్లు జాగ్రత్త అని ఎవరో చెప్పిన మాట అట్లా పట్టుకున్నది.

అబ్బా తినగూడనివన్నీ అమ్మీ తినేది. రాత్రి మిగిలిన అన్నం, పండుగనాటి డబల్ కా మీఠా అడుగున మిగిలింది, చుట్టాలు తెచ్చిన బాలూషాహీలు. పారేస్తే గునా అంటుందని. అందరూ తిన్నంక దస్తర్ఖాన్ దులిపి ఏది మిగిలితే అది తినే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. మీ ఇళ్లల్లోనూ ఉంటారు. పీఎంఈ బాయి దిగేవాళ్లకే. వాళ్ల పెళ్లాలకు లేదు. అబ్బా పనిచేసిన తావును ప్రమాదమైన తావు అని సర్కారు ఒప్పుకున్నది కాబట్టి ఆయన నెత్తురు చూసిన్రు. అమ్మీ పనిచేసిన తావు పొయ్యి ముందర.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఒంటి నిండా గుర్తులే. 2019 చలికాలంలోనే రాత్రిపూట మూడుసార్లు, నాలుగుసార్లు లేచేది. తమ్ముడు నిద్ర పాడవుతోందని విసుక్కునేవాడు. ఎంత నీళ్లు తాగినా దూప తీరదనేది. బొగ్గు ఊరి ఎండ, దూప కాక ఏమైతది అన్నాం. రవికలు వదులైనాయి. "సన్నబడ్డవమ్మీ, మంచిగున్నవ్" అని నేనే మెచ్చుకున్నాను. సూదిలో దారం ఎక్కకపోతే నా కూతురిని పిలిచేది. కళ్లద్దాలు పెట్టించాలనుకున్నాం, పెట్టించలేదు. అరికాళ్లలో చీమలు పారినట్టుందంటే నానీమాకు కూడా అట్లానే ఉండేదని చెప్పుకొని నవ్వుకున్నాం. నానీమాకు అట్లా ఎందుకుండేదో అప్పుడు ఎవరికి తెలుసు?

అప్పటికే 2020 మార్చి వచ్చింది.

మార్చి 14న పదిమంది ఇండోనేషియా వాళ్లు ఢిల్లీ నుంచి రైలెక్కి రామగుండంలో దిగి కరీంనగర్ పోయారు. జమాత్ పనిమీద వచ్చినవాళ్లు. కొద్దిరోజులకే వాళ్లకు కరోనా అని తేలింది. కరీంనగర్‌లో ముకరంపుర చుట్టూ కంచెలు పడ్డాయి. రామగుండమంటే మాకు ఏరు దాటితే వచ్చే ఊరు. మా అత్త ఇల్లు అక్కడే. నెలాఖరుకు ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటికొచ్చింది. అక్కడికి పోయొచ్చినవాళ్లలో ఆరుగురు తెలంగాణలో చనిపోయారని మార్చి 30 రాత్రి సర్కారు ప్రకటించింది. అంతమంది ఒక్కచోట చేరడం తప్పు కాదని నేననను. చేరిన చోట అంటుకున్నది, వాళ్ల ద్వారా ఇంకొందరికీ అంటుకున్నది. ఇందులో దాచేదేం లేదు. కానీ తెల్లారేసరికి టీవీలో వాళ్ల జబ్బు మా అందరి స్వభావమైంది. కరోనా జిహాద్ అన్నారు. ఉమ్మేస్తున్నారన్నారు. మా వీధికి ఇరవై ఏళ్లుగా కూరగాయలు తెచ్చే మా చిచ్చా తోపుడుబండిని, పేరు అడిగి వెనక్కి పంపించారు. మే నెలలో అబ్బా దోస్తు ఒకాయన, ఒకే షిఫ్టులో ఒకే టబ్బు నింపినవాడు, ఎదురుపడి రుమాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. అందరూ లాక్కునే రోజులవి. అయినా అబ్బా ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఏప్రిల్‌లోనే ఇల్లిల్లూ తిరిగి రాసుకునేవాళ్లు మా గల్లీకి వచ్చారు. తలుపు బయటే నిలబడి అడిగిన్రు.

"ఢిల్లీ ఎవరన్న పోయిన్రా?"

"లేదు."

"పోయినోళ్లు మీ ఇంటికి ఎవరన్న వచ్చిన్రా?"

"లేదు."

"ఎవరన్న పోయిన్రేమో మంచిగ యాది చేసుకోండ్రి."

ఢిల్లీ సంగతి అటుంచండి, అమ్మీ మంచిర్యాల దాటి పోయిందే నాలుగుసార్లు. రెండుసార్లు హైదరాబాదు, ఒకసారి అబ్బా పనిమీద కొత్తగూడెం, ఒకసారి మొక్కు తీర్చుకోను గుల్బర్గా దర్గా. యాది చేసుకోమంటే ఆమె నిజంగానే కాసేపు యాది చేసుకున్నది. తర్వాత పక్కింటి అత్తమ్మ మాటల్లో చెప్పింది, వాళ్లింట్లో జ్వరమున్నదా, దగ్గున్నదా, షుగరున్నదా, బీపీ ఉన్నదా అని వరసగా అడిగి రాసుకున్నారని. మమ్మల్ని ఆ ప్రశ్నలు అడగలేదు. ఢిల్లీ దగ్గరే మా కాగితం నిండిపోయింది.

షుగరున్నదా అని అడిగితే అమ్మీ మటుకు ఏం చెప్పేది? ఆయనకున్నది, నాకు లేదు అనేది. ఆ మాట నిజమే. కానీ ఆ నెలలోనే ఇంకొకటి జరిగింది. అది మాత్రం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

రంజాన్ ఇంకో నాలుగు రోజులుందనగా రొట్టెలు చేస్తూ అమ్మీ పెంక మీద చెయ్యి కాల్చుకున్నది. ఎడమచేతి మణికట్టు పైన, రూపాయి బిళ్లంత. వారంలో మానే గాయం. పండుగొచ్చింది, మే 25 దాటింది, మానలేదు. చీము పట్టింది. పసుపు, పుండుకు రాసే మలాం, వేపాకు నీళ్లు. నేను దవాఖానకు పోదామన్నాను. అమ్మీ ససేమిరా అన్నది. "పోతే పట్టుకపోతరు" అన్నది. బుర్ఖా చూడంగనే పరీక్ష చేస్తరు, ఉన్నా లేకున్నా ఉందంటరు, అందరినీ ఎక్కడనో పెడ్తరు, ఇంటిముందు కాగితం అంటిస్తరు, పిల్లగాని పని పోతది. తమ్ముడు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు డ్రైవరు. వాడికి ఏ కాగితం హక్కూ లేదు. వద్దంటే వద్దే. ఆ భయం ఉత్తదని నేనెట్లా చెప్పను? నేనే బడి గ్రూపులో వచ్చే మెసేజీలకు జవాబియ్యలేక ఫోను పక్కన పెట్టిన రోజులు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. గాయం రెండు నెలలకు మానింది. నల్లటి మచ్చ మిగిలింది.

మానని పుండు పట్టుకొని ఏ దవాఖానకు పోయినా, ఏ చిన్న డాక్టరైనా మొదట చూసేది షుగరే. 2020 జూన్‌లో ఆ ఒక్క బొట్టు చూసి ఉంటే అమ్మీకి పదకొండు నెలల టైముండేది. పదకొండు నెలల్లో షుగరు అదుపుకొస్తుంది. అబ్బాకు మూడు నెలల్లో వచ్చింది.

2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాత్ వాళ్ల మీది కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువులను చేశారని రాసింది. మరుసటి ఏడు సెప్టెంబరులో సుప్రీంకోర్టులో మన తెలుగువాడే అయిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పూస్తోందని బాధపడ్డారు. మర్కజ్ వాళ్లకు ఆశ్రయమిచ్చారని డెబ్బయిమంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. ఈ వార్తలన్నీ నేను కత్తిరించి పెట్టుకున్నాను. పేపరు మడతల్లో అమ్మీ రిపోర్టులతో పాటే ఉన్నాయి. కోర్టులు మంచిమాటే చెప్పాయి. అమ్మీ చేతి గాయానికి అప్పీలు ఏ కోర్టులో చేసుకోవాలో తెలియదు.

ఇంతవరకు రాసి ఊరుకుంటే తప్పంతా బయటివాళ్ల మీదికి తోసినట్టవుతుంది. మా దగ్గర కూడా ఉన్నది. రాస్తాను.

2021 మార్చి ఒకటి నుంచి అరవై దాటినవాళ్లకు టీకా మొదలైంది. అబ్బా వేయించుకున్నాడు. ఏప్రిల్ ఒకటి నుంచి నలభై అయిదు దాటిన అందరికీ అన్నారు. అమ్మీ కూడా వేయించుకోవచ్చు. రంజాన్ కానీ, అన్నది. టీకాతో రోజా చెడదని ఉలేమాలు చెప్పారు, పేపర్లో వచ్చింది, నేను చదివి వినిపించాను. జ్వరమొస్తే రోజా విడవాల్సి వస్తదని ఆమె లెక్క. బాలిగయినప్పటి నుంచి పండుగ దాకా ఒక్క రోజా విడవని మనిషినని ఆమెకు లోపల గర్వం. ఆ గర్వం మాకూ ఇష్టమే. మా అమ్మీ ఇట్లా అని నలుగురికీ చెప్పుకునేవాళ్లం. బీమారున్నవాళ్లకు రోజా మాఫీ అనీ, తర్వాత తీర్చుకోవచ్చనీ ఖురాన్‌లోనే ఉన్నది. అబ్బా షుగరుకు ఆ మాఫీ మేం వాడుకున్నాం, ఫిదియా కింద ఒక ముసలామెకు రోజూ భోజనం పంపించేవాళ్లం. వండి పంపేది అమ్మీయే. తనకు మాఫీ ఉందని ఎవరైనా చెప్తే కదా.

ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది. ఎండ మండిపోతున్నది. సహెరీకి అమ్మీ చెంబులకు చెంబులు నీళ్లు తాగేది. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టేది. అసర్ నమాజుకు లేస్తే కళ్లు తిరిగేవి. ఇఫ్తారుకు ఖజూరు, రూహ్ అఫ్జా షర్బతు రెండు గ్లాసులు. తాగితే ప్రాణం లేచొచ్చినట్టుందనేది. పొద్దంతా నీళ్లు లేకుండా, సాయంత్రం ఒక్కసారి అంత చక్కెర. తెలిసినవాళ్లకు అది చదువుతుంటేనే భయమేస్తుంది.

మూడో అష్రా మొదలైనంక జ్వరమొచ్చింది. మొదట తమ్ముడికి, తర్వాత అమ్మీకి. తమ్ముడు నాలుగు రోజుల్లో లేచాడు. బయటివాళ్లకు వైరల్ ఫీవరని చెప్పాం. కిందటేడు మొత్తం మమ్మల్ని అనుమానించిన గల్లీకి ఇప్పుడు నిజంగా వచ్చిందని ఎట్లా చెప్తాం? అప్పటికి ఆ గల్లీలో ఇంటింటికీ ఉన్నది. పక్కింటి మామకూ ఉన్నది. వాళ్లూ వైరల్ ఫీవరనే చెప్పారు. గోడకు అటూ ఇటూ దగ్గులు వినబడుతూనే ఉన్నాయి. ఆరో రోజు ఆ అత్తమ్మే కిటికీలోంచి పిలిచింది. కిందటి పండుగకు మేం పంపిన షీర్ ఖుర్మాను వద్దని వాపసు పంపిన మనిషి. "బిడ్డా, మీ అమ్మ దగ్గు మంచిగ లేదు. ఇది పెట్టి చూడు" అని వేలికి పెట్టే మిషను అందించింది. అమ్మీ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. మామూలుగా మాట్లాడుతున్నది. ఆయాసం లేదు. మిషన్లో 86 అని వచ్చింది. మిషను పాడైందనుకొని నా వేలికి పెట్టుకున్నాను. 98.

94 కంటే తగ్గితే దవాఖానకు పోవాలని అప్పటికి అందరికీ తెలుసు. ఈ రోగంలో ఊపిరి తగ్గుతున్న సంగతి మనిషికి తెలియకుండానే తగ్గుతుందనేది నాకు ఆ పొద్దే తెలిసింది.

మంచాలు లేవు. ఫోన్లు, తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు. అబ్బాతో పనిచేసిన ఒకాయన కొడుకు కరీంనగర్‌లో మెడికల్ రిప్రజెంటేటివ్. అతని మాటతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం దొరికింది. ఇందారం, గోదావరి బ్రిడ్జి, గోదావరిఖని, పెద్దపల్లి. అంబులెన్సులో అమ్మీ ఆక్సిజన్ మాస్కు తీసి అడిగిన మొదటి మాట, "ఇఫ్తారుకు అబ్బా గోలీ ఎవరిస్తరు?"

చేర్చుకునేటప్పుడు నర్సు వేలు గుచ్చింది. 438.

"ఎన్నేండ్ల నుంచి షుగరు?" అని డాక్టరు.

"షుగరు లేదు సార్. మా నాయనకున్నది."

ఆయన నా ముఖం చూసి మళ్లీ కాగితం చూశాడు. జ్వరానికి, ఒత్తిడికి షుగరు పెరుగుతుంది కదా సార్ అన్నాను, సైన్సు పంతులమ్మను కదా. పెరుగుతుందన్నాడు. రెండోరోజు హెచ్‌బీఏ1సీ రిపోర్టు చూపించాడు. 12.1. గడచిన రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే పరీక్ష అది. ఆరున్నర దాటితే షుగరు వ్యాధి. "ఇది కరోనాతో వచ్చింది కాదమ్మా. కరోనా వచ్చేసరికే ఉన్నది" అన్నాడు. ఆయన కోపం చెయ్యలేదు. కోపం చేస్తే కొంచెం నయంగా ఉండేదేమో.

తర్వాత ఆయన చెప్పిందీ, నేను చదువుకున్నదీ కలిపి చెప్తాను. నెత్తురులో చక్కెర ఎక్కువైనప్పుడు రోగంతో కొట్లాడే తెల్లకణాలు మందగిస్తాయి. సన్నటి నెత్తురు నాళాల లోపలి పొర ముందే దెబ్బతిని ఉంటుంది, కరోనా కొట్టేది కూడా ఆ పొరనే. గడ్డలు కట్టడం ఎక్కువ. వాపు ఎక్కువ. ఆ వాపును తగ్గించే మందు స్టెరాయిడ్. 2020 జూన్‌లో ఇంగ్లండులో రికవరీ అనే పెద్ద పరీక్షలో తేలింది, రోజుకు ఆరు మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటరు మీదున్నవాళ్లలో చావులు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గుతాయని. పైసల్లో దొరికే పాత మందు. కానీ అది షుగరును ఎగదోస్తుంది. ఇవ్వకపోతే ఊపిరితిత్తులు నిలవవు, ఇస్తే చక్కెర ఆగదు. ఇన్సులిన్ చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. గంటగంటకూ గుచ్చారు. జీవితమంతా ఎవరూ గుచ్చని వేళ్లు పదీ పన్నెండు రోజుల్లో జల్లెడైనాయి.

అదే ఏడు ఇంగ్లండులో ఇంకో లెక్క తీశారు. 2020 మార్చి నుంచి మే నడుమ దాకా అక్కడి ఆసుపత్రుల్లో కరోనాతో పోయిన 23,698 మందిలో మూడో వంతు షుగరున్నవాళ్లే. మామూలుగా వచ్చే టైప్ 2 షుగరుంటే, వయసు వగైరా తీసేసి చూసినా, చావు అవకాశం రెండింతలు. అక్కడ ఎవరికి షుగరున్నదో ఊరూరా పట్టికలున్నాయి కాబట్టి ఈ లెక్క తీయగలిగారు. మన దేశంలో 10 కోట్లకు పైగా షుగరు మనుషులున్నారని ఐసీఎమ్మార్ సర్వే 2023లో చెప్పింది. మా అమ్మీలాగ లెక్కకెక్కకుండానే ఎంతమంది పోయిన్రో ఏ పట్టిక చెప్తుంది?

ఈద్ ఆ ఏడు మే 14. రెండు రోజుల ముందే రాష్ట్రమంతా లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున ఆరు నుంచి పది దాకే బయటికి రావాలి. ఆసుపత్రి ముందు చెట్టు కింద నేనూ తమ్ముడూ షీర్ ఖుర్మా లేని ఈద్ చేసుకున్నాం. చెట్టు కింద ఇంకా చానామంది ఉన్నారు. జగిత్యాల వాళ్లు, హుజూరాబాద్ వాళ్లు. ఎవరూ ఎవరి పేరూ అడగలేదు. మీ మనిషికి ఎంతున్నది అని అడిగేవాళ్లు. ఆక్సిజన్ ఎంత, షుగరెంత. వీడియో కాల్‌లో అమ్మీ చెయ్యెత్తి సలాం చెప్పింది. మణికట్టు మీద ఆ నల్లమచ్చ కనబడ్డది.

వెంటిలేటరు మీద మూడు రోజులు. షవ్వాల్ ఆరు రోజాలు ఏటా తప్పకుండా పట్టే మనిషి, ఆరో నాటి ఫజర్ వేళకు పోయింది.

ఆ మర్నాడే, మే 20న, బ్లాక్ ఫంగస్ కేసులను తప్పక తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది తెలంగాణ సర్కారు. నేల మీద, గాలిలో ఎప్పుడూ ఉండే బూజు. చక్కెర మితిమీరి, స్టెరాయిడ్ తోడైన ఒంట్లో ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకుతుంది. మా మామూ ఒకాయనకు అది పట్టింది. హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి మనిషిని బతికించారు, ఒక కన్ను పోయింది. ఆయనకూ షుగరుందని ఆయనకు అక్కడే తెలిసింది. జూలై నాటికి దేశంలో ఇట్లాంటి కేసులు 45 వేలు దాటినాయి.

అమ్మీకి బతికున్నప్పుడు చావుకంటే కాల్చేస్తరనే భయం ఎక్కువుండేది. 2020 మార్చిలో బొంబాయి కార్పొరేషను కరోనా శవాలన్నీ మతంతో పని లేకుండా దహనం చెయ్యాలని ఆర్డరిచ్చి కొద్దిగంటల్లోనే వెనక్కి తీసుకున్నది. శ్రీలంకలో మాత్రం దాదాపు ఏడాది పాటు ముస్లింల శవాలను కూడా కాల్చారు. పసిపిల్లల్ని కూడా. ఆ వార్త విన్న రాత్రి అమ్మీ జానిమాజ్ మీదనే కూర్చుండిపోయింది. ఇక్కడ అట్లా కాలేదు. మంచిర్యాల దారిలో అంబులెన్సు వెనక రెండు మోటారుసైకిళ్లు వచ్చినాయి. గుసుల్ చేయించే వీలులేదు. సంచి మీదనే మట్టితో తయమ్ముమ్ చేశారు. కఫన్ సంచి మీదనే చుట్టారు. ఖబరు లోతుగా తీయాలన్నారు. ఆ పారలు పట్టింది బాయి పిల్లలే. నలుగురిలో ఇద్దరు మావాళ్లు, ఇద్దరు కాదు. కిందటేడు రుమాలు లాక్కున్న ఆ దోస్తు కొడుకు ఒకడు. తండ్రి తరఫున వచ్చాడో, తనంత తాను వచ్చాడో నేనడగలేదు. ఆ తండ్రి అప్పటికే ఆక్సిజన్ మీదున్నాడు. ఆయనకూ షుగరే, ఇరవై ఏళ్ల నుంచి. ఒకే పీఎంఈలో ఇద్దరికీ తేలింది. ఆయన బతికి బయటపడ్డాడు. ఇప్పుడు మా ఇంటికొస్తాడు. అబ్బా, ఆయన చాయ్ తాగుతారు, చక్కెర లేకుండా. ఆ రెండేళ్ల సంగతి ఎత్తుకోరు. బాయిల పైకప్పు మాట మాత్రం అబ్బా మళ్లీ అనలేదు.

చెహ్లుం అయిన తర్వాత అబ్బా మంచిర్యాల పోయి షుగరు చూసే మిషను కొనుక్కొచ్చాడు. తనకని అనుకున్నాం. ఆయన మొదట గుచ్చింది నా వేలు. తర్వాత నా కూతురిది, పదహారేళ్ల పిల్ల, అరిచి గోలచేసింది. తర్వాత ఆపాలు, ఖాలాలు, వదినెలు, కోడళ్లు. ఇప్పుడు ఈద్‌కు మా ఇంటికి వచ్చిన ఆడవాళ్లెవరూ వేలు చాపకుండా దస్తర్ఖాన్ దగ్గర కూర్చోవడానికి లేదు. మగవాళ్లు నవ్వుతారు. కొందరు పెద్దవాళ్లు ఇదేం రివాజని గొణుగుతారు. బూతద్దాలు పెట్టుకొని, వణికే చేత్తో, బాయిల మస్టరు రాసినట్టు ఒక పాత నోటుబుక్కులో ఉర్దూలో రాసుకుంటాడు. పేరు, తారీఖు, అంకె. ఇప్పటికి ముగ్గురికి బయటపడింది. అందులో మూడో ఆమె పక్కింటి అత్తమ్మ. షీర్ ఖుర్మా గిన్నె తిరిగియ్యడానికొచ్చి గడపలో నిలబడితే, "కూసో చెల్లే, వేలియ్యి" అన్నాడు.

212 అని వచ్చింది. "నాకేం లేదు భాయ్" అన్నది అత్తమ్మ.

"ఆమె గట్లనే అన్నది" అన్నాడు అబ్బా. ఇంకో స్ట్రిప్పు తీశాడు.